విస్తరి ఎత్తితేనే చోటు

విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియోకి కంప్యూటర్ల పని నేను చూస్తాను. మాఘమాసం ముహూర్తాల రోజుల్లో ఓ పొద్దున ఏడింటికే అక్కడి ఎడిటర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, సర్వర్ నిండిపోయిందంటోంది. పాత పెళ్ళిళ్ళు తీసేసే స్క్రిప్టు రాత్రి నడిచింది. ఫోల్డర్లో చూస్తే ఆ ఫైళ్ళు లేవు. చోటు మాత్రం రాలేదు. తెనాలి పెళ్ళి మెమరీ కార్డులు పట్టుకుని కెమెరా వాళ్ళు వచ్చి కూర్చున్నారు."

వెళ్ళి చూశాను. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండు 100 శాతం అంటోంది. ఫోల్డర్లలోని ఫైళ్ళ సైజులు కూడి చెప్పే డీయూ అంతకంటే 200 జీబీ తక్కువ చూపిస్తోంది. రెండూ నిజమే చెబుతున్నాయి. డీయూ పేర్లు పట్టుకుని ఫోల్డరు ఫోల్డరూ తిరుగుతుంది, డీఎఫ్ డిస్కు బ్లాకుల (డిస్కులో చోటుని పంచే చిన్న ముక్కల) ఖాతా చదువుతుంది. పేరు పోయి ఒళ్ళు మిగిలిన ఫైలు ఏదో ఆ తేడాలో దాగుందన్నమాట.

ఈ సర్వర్ నడిచే లినక్స్‌తో సహా, యునిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ సంతతి సిస్టమ్స్ అన్నింటిలోనూ ఫైలు తీసేయడం రెండు అంచెల పని. 1971 నాటి మొదటి యునిక్స్ మాన్యువల్లోనే ఆ పనికి పెట్టిన పేరు 'అన్‌లింక్', అంటే ముడి విప్పడం. ఫైలు అసలు వివరమంతా ఐనోడ్ అనే చిన్న రికార్డులో ఉంటుంది: సైజు ఎంత, ఎవరిది, డేటా ఏ బ్లాకుల్లో ఉంది. పేరు అందులో ఉండదు, ఫోల్డర్లో ఉంటుంది. ఒక ఐనోడ్‌కి రెండు మూడు పేర్లైనా ఉండొచ్చు. ఈ ఐనోడ్‌కి ఎన్ని పేర్లున్నాయి, ఎంతమంది దీన్ని తెరిచి ఉంచారు అని సిస్టమ్ రెండు లెక్కలు వేసుకుంటుంది. రెండూ సున్నా అయితేనే బ్లాకులు ఖాళీ అవుతాయి.

పెళ్ళిభోజనాల్లో బంతి లేచేదాకా విస్తళ్ళు ఎత్తరు. తర్వాతి బంతివాళ్ళు వచ్చి కుర్చీల వెనక నిలబడ్డా సరే, చివరి పెద్దాయన పెరుగన్నం తినడం పూర్తవ్వాల్సిందే. యునిక్స్‌ది కూడా అదే మర్యాద. సగం చదివిన ప్రోగ్రాం కింద నుంచి ఫైలు లాగేయదు. నాకు ఈ నియమం మీద చాలా గౌరవం. సిస్టమ్ నడుస్తుండగానే అప్‌డేట్లు వేసుకోగలగడం దీని చలవే: కొత్త లైబ్రరీ (ప్రోగ్రాంలు పంచుకుని వాడుకునే కోడు) పాతదాని పేరు తీసుకుంటుంది, నడుస్తున్న ప్రోగ్రాం మాత్రం పాతదాన్నే చివరిదాకా వాడుకుంటుంది. పొరపాటున తీసేసిన ఫైలుని ఇంకా ఎవరో తెరిచి ఉంచితే, లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాంల వివరాలు చూపే ప్రాక్ ఫోల్డర్లోంచి కాపీ చేసి బతికించుకోవచ్చు కూడా. నేను ఒకసారి అలా బతికించాను.

ఎవరు పట్టుకున్నారో తెలుసుకోవడానికి ఎల్ఎస్ఓఎఫ్ అనే కమాండుంది. పేర్లు సున్నా అయిపోయినా ఇంకా తెరిచి ఉన్నవాటినే చూపించమని అడిగితే ఒకే వరుస వచ్చింది. ఎస్ఎంబీడీ, దాని ప్రాసెస్ నంబరు, సైజు, ఒక గుంటూరు పెళ్ళి మాస్టర్ ఫైలు పేరు, పక్కనే బ్రాకెట్లో 'డిలీటెడ్'. విండోస్ మిషన్లకి ఫైళ్ళు అందించే సాంబాలో ఒక్కో మిషన్ కనెక్షన్‌కి ఒక్కో ఎస్ఎంబీడీ ప్రాసెస్ ఉంటుంది కాబట్టి ఏ మిషనో వెంటనే తెలిసింది. రెండో గదిలో ఎవరో ప్రాజెక్టు తెరిచే ఉంచి ఇంటికెళ్ళారు. మూయించి డీఎఫ్ మళ్ళీ కొట్టాను. 200 జీబీ తిరిగొచ్చింది. ఇలాంటప్పుడు చాలామంది సర్వరే రీస్టార్ట్ చేస్తారు. చోటు వస్తుంది, నిజమే, కానీ పక్క మిషన్లో సగం అయిన రెండరింగ్ పోతుంది.

ఇక్కడ ఫైలు పట్టుకున్నది ఒక మనిషి మర్చిపోయిన ప్రాజెక్టు. సర్వరే పట్టుకుని కూర్చుంటే కథ ఇంకా లోతుకి పోతుంది.

లినక్స్ మిషన్లు ఎక్కువున్న చోట ఫైళ్ళు పంచుకోవడానికి వాడేది ఎన్ఎఫ్ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. దాని 2, 3 వెర్షన్లలో ఫైలు తెరవడం, మూయడం అనే మాటలే లేవు. 'ఈ ఫైలులో ఇక్కణ్ణుంచి ఇన్ని బైట్లు ఇవ్వు' అని క్లయింట్, అంటే ఫైలు కావాల్సిన మిషన్, అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతే. సర్వర్ పడి లేచినా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు. కానీ అడిగిన ప్రతిసారీ తెరిచి మూయడం ఖర్చు. అందుకే 2019లో వచ్చిన లినక్స్ 5.4 నుంచి, ఎలాగూ మళ్ళీ అడుగుతారని సర్వర్ ఫైలుని కాసేపు తెరిచే ఉంచుకుంటోంది. ఈలోగా ఆ ఫైలుని ఎవరైనా తీసేస్తే? తెరిచి ఉంచిన ఆఖరి మనిషి సర్వరే అవుతుంది. ఆ చిక్కు రాకుండా తను దాచుకున్న ప్రతి ఫైలు మీదా ఒక కాపలా పెడుతుంది. చివరి పేరు పోయిందని కబురు రాగానే వదిలేస్తుంది.

వదిలేయడంతో కూడా పని అయిపోదు. మామూలు ప్రోగ్రాం ఫైలు మూస్తే ఆఖరి శుభ్రం దాని సమయంలోనే జరుగుతుంది. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ థ్రెడ్లు, అంటే కోరికలు తీర్చే పనివాళ్ళు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ లోపలే పుట్టి అక్కడే బతుకుతాయి. అవి మూసిన ఫైళ్ళు ఒక ఉమ్మడి క్యూలోకి వెళ్ళేవి. వెనకాల ఒక పనివాడు ఒక్కొక్కటే తీసి శుభ్రం చేసేవాడు. పదిమంది వడ్డిస్తుంటే విస్తళ్ళు ఎత్తడానికి ఒక్కడున్నట్టు. వడ్డించేవాళ్ళు వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం లేదు, చూడరు.

పైగా విస్తరి ఎత్తడం అన్ని ఫైళ్ళకీ ఒకే పని కాదు. 200 జీబీ ఫైలంటే 4 కేబీ బ్లాకులు సుమారు 5 కోట్ల 24 లక్షలు. ఈఎక్స్‌టీ3 లాంటి పాత ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్ళని అమర్చే ఏర్పాటు) ఒక్కో బ్లాకు అడ్రసూ విడిగా రాసుకునేది, వదిలేటప్పుడు అవన్నీ తిరగేసేది. ఈఎక్స్‌టీ4లో వరుసగా ఉన్న బ్లాకులు 128 ఎంబీ దాకా ఒకే పద్దులో పడతాయి కాబట్టి, అన్నీ కలిసొస్తే అదే ఫైలు 1600 పద్దుల్లో తేలిపోతుంది. ఫైలు ముక్కలైతే మళ్ళీ పని పెరుగుతుంది.

శుభ్రం నెమ్మదించి మూయడం మాత్రం జోరుగా సాగితే క్యూ పెరుగుతూనే ఉంటుంది, హద్దు లేదు. లినక్స్ కెర్నల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన నీల్ బ్రౌన్ 2023 చివర్లో దీనికి సవరణ పంపుతూ, ఒక చోట 3 కోట్ల ఫైళ్ళు అలా క్యూలో నిలిచాయని రాశారు. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని నెమ్మది కూడా అందులో కొంత కారణమట, దాన్ని అప్పటికే సరిచేశారు.

పనివాళ్ళని పెంచితే సరిపోదా అనిపిస్తుంది. నాకూ మొదట అదే తట్టింది. చివరికి 2024లో కెర్నల్‌లో చేరిన పరిష్కారం వేరు. వడ్డించేవాళ్ళే విస్తళ్ళు ఎత్తాలి. ఒక్కో సర్వర్ థ్రెడ్ ఒక కోరికకీ మరో కోరికకీ మధ్య 8 ఫైళ్ళ దాకా తనే శుభ్రం చేస్తుంది. ఇంకా మిగిలుంటే మరో థ్రెడ్‌ని లేపుతుంది. డిస్కు నెమ్మదిస్తే థ్రెడ్ కూడా నెమ్మదిస్తుంది, కొత్త కోరికలు తీసుకోవడం తగ్గుతుంది, క్యూ దానంతటదే అదుపులో ఉంటుంది. క్లయింట్‌కి ఒక్కోసారి కాస్త ఆలస్యం కనిపించొచ్చు. కంటికి కనబడే ఆ కాస్త ఆలస్యమే నాకు నయమనిపిస్తుంది. 3 కోట్లు పోగయ్యేదాకా ఎవరికీ తెలియకపోవడమే భయంకరం.

స్టూడియో స్క్రిప్టుని ఆ సాయంత్రమే మార్చాను. ఇప్పుడది తీసేముందు ఆ ఫైలుని ఎవరైనా తెరిచి ఉంచారేమో చూస్తుంది. ఉంటే దాని జోలికి పోకుండా ఫైలు పేరూ, మిషన్ నంబరూ రాసిపెడుతుంది. ఎడిటర్ అమ్మాయి పొద్దున్నే వచ్చి ఆ రెండు మాటలు చదువుకుని, ముందు రెండో గదిలోకి వెళ్ళి ప్రాజెక్టు మూసి, ఆ తర్వాత కెమెరా వాళ్ళ దగ్గర కార్డులు తీసుకుంటుంది.