పోక్సో కేసుల్లో సాక్ష్యం: అపోహలు - వాస్తవాలు

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు వాయిదా ఉన్న రోజు కోర్టు వరండాలో పిల్ల బంధువులు వకీలునైన నన్ను అడిగే మొదటి మాట, "డాక్టరు రిపోర్టులో ఏమి వచ్చిందండీ?" అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: గాయాలు లేకపోతే కేసు నిలవదు.

ఈ చట్టం నేరంగా చెప్పిన పనుల్లో చాలావాటికి ఒంటి మీద గుర్తే మిగలదు. ఫిర్యాదు నెలల తర్వాత వస్తే, ఉన్న గాయమూ అప్పటికి మానిపోయి ఉంటుంది. ఇంతమంది సాక్షులు ఉండి తీరాలనే లెక్క కూడా మన సాక్ష్య చట్టంలో లేదు. పిల్ల మాట నమ్మదగినదైతే, అదొక్కటే శిక్షకు సరిపోతుంది.

అపోహ: చిన్నపిల్లల సాక్ష్యం చెల్లదు, పెద్దవాళ్లు నేర్పిందే చెబుతారు.

సాక్షికి కనీస వయసంటూ లేదు. జడ్జి ముందుగా పేరు, తరగతి, టీచరు పేరు అడుగుతారు. అబద్ధం చెబితే ఏమవుతుందని అడుగుతారు. ప్రశ్న అర్థమై, పొంతన ఉన్న జవాబు వస్తే చాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలని తెలిస్తే వారి సాక్ష్యం తీసుకోవచ్చు.

నేర్పించడం అసలు జరగదని నేను అనను. కోర్టు దాన్ని మాటల్లోనే వెతుకుతుంది. "అసభ్యంగా ప్రవర్తించెను" అని రెండో తరగతి పిల్ల ఎక్కడైనా అంటుందా? అది పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం రాసే రైటర్ భాష. వాంగ్మూలాన్ని పిల్ల మాటల్లోనే రాయకపోతే, ఆ లోపం తర్వాత పిల్ల మెడకే చుట్టుకుంటుంది.

అపోహ: తేదీ, సమయం చెప్పలేకపోతే అబద్ధమే.

ఒక కేసులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేదీ గురించి మూడు సార్లు అడిగించారు. మూడు సార్లూ పాప తెలియదనే చెప్పింది. చివరికి, "పత్రి కోయడానికి వెళ్లిన రోజు" అంది. వినాయక చవితి ఎప్పుడు వచ్చిందో క్యాలెండరు చూస్తే తెలిసిపోతుంది. పిల్లలకు కాలం ఇలాగే గుర్తుంటుంది. ఎవరు, ఏమి చేశారు అన్న అసలు విషయం నిలకడగా ఉంటే, చిన్నచిన్న తేడాలకు కోర్టు పెద్దగా విలువ ఇవ్వదు.

అపోహ: పోక్సోలో నిర్దోషినని ముద్దాయే నిరూపించుకోవాలి.

సెక్షన్ 29 కింద కోర్టు ముద్దాయే నేరం చేశాడని భావిస్తుంది, నిజమే. కానీ దానికి ముందు పునాది అంశాలను ప్రాసిక్యూషన్ నిరూపించాలి. వాటిలో మొదటిది వయసు. నా అనుభవంలో మంచి కేసులు జారిపోయేది ఇక్కడే. స్కూలు లేదా బోర్డు ఇచ్చిన జనన తేదీ ధ్రువపత్రం, అది లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష: ఇదీ జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పిన వరుస. బడి మారేటప్పుడు ఇచ్చే టీసీ (ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్) ఈ లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఇప్పటికీ టీసీ జిరాక్సు జతచేసి చార్జిషీటు వేసేవాళ్లున్నారు.

అపోహ: పిల్ల మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం చెప్పాక ఇక పని అయిపోయినట్టే.

కాలేదు. ఆ వాంగ్మూలం కోర్టులో చెప్పే మాటను బలపరచడానికో, ఖండించడానికో పనికొస్తుందంతే. అసలు సాక్ష్యం విచారణలో పిల్ల చెప్పేదే. అందుకే ముద్దాయి తరఫువాళ్లు ఈలోపు రాజీకి పరుగులు పెడతారు. రాజీ కుదిరిందని ఇలాంటి కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇంట్లో ఒత్తిడికి పిల్ల మాట మార్చేస్తే, ఆ తీర్పు పక్కన ఉన్నా చేతిలో సాక్ష్యం మిగలదు.

కోర్టు కేసును విచారణకు స్వీకరించిన ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు చేయాలని పోక్సో సెక్షన్ 35 అంటోంది. అది ఆలస్యమై, ఏడేళ్లప్పుడు జరిగినదాన్ని పదేళ్లప్పుడు అడిగితే కొంత తేడా వస్తుంది. దాన్ని "పరస్పర విరుద్ధం" అని వాదించేది మా వకీళ్లమే.