రక్తం మారితే మనసు మారుతుందా?

అక్క దానం చేసిన మూలకణాలతో లుకేమియా అనే రక్త క్యాన్సర్ నుంచి బయటపడిన పదిహేడేళ్ల తమ్ముడు ఎప్పుడూ ముభావంగా ఉంటున్నాడని, రక్తంతో పాటు స్వభావం కూడా మారిపోతుందా అని ఒక పాఠకురాలు అడిగారు.

మూలకణ మార్పిడి తర్వాత రక్తం నిజంగానే మారుతుంది. కొన్ని నెలల్లో రక్తపు గ్రూపు దాతదే అవుతుంది. అక్క కణాలు పూర్తిగా నిలదొక్కుకున్న తమ్ముడి తెల్లకణాలను పరీక్షిస్తే రెండు ఎక్స్ క్రోమోజోములు కనిపిస్తాయి. అయినా జ్ఞాపకాలను, ఇష్టాయిష్టాలను నిలుపుకొనే నాడీకణాలు మాత్రం అతనివే. ‘ఆ గుణం వాళ్ళ రక్తంలోనే ఉంది’ అన్న నానుడిని శాస్త్రమనుకుంటే, పాపం, ప్రాణం నిలిపిన అక్క మీదికే నింద పోతుంది.

అలాగని రక్తానికీ దిగులుకూ సంబంధమే లేదనలేము. మార్పిడికి ముందు ఇచ్చే తీవ్రమైన కీమోథెరపీ పేగుల లోపొరను దెబ్బతీస్తుంది. ఆపై ఇన్ఫెక్షన్లు రావచ్చు, దాత కణాలు గ్రహీత శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయవచ్చు. ఈ పోరులో ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాల సందేశ రసాయనాలు, వెలువడతాయి. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కాలువ నీరనుకుంటే, మనఃస్థితితో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం తయారీకి పారేది ఒక సన్నని పాయ మాత్రమే. అధిక భాగం మామూలు రోజుల్లోనే కైన్యురెనిన్ అనే మరో పదార్థం వైపు పోతుంది. ఆ వైపున్న తూముల్లో ఒకటి ఐడీఓ అనే ఎంజైము. సైటోకైన్లు ఆ తూమును మరింత పైకెత్తుతాయి. పైగా కైన్యురెనిన్ మెదడులోకి ప్రవేశించగలదు. అక్కడి రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా దాన్ని క్వినోలినిక్ ఆమ్లంగా మారిస్తే, అది నాడీకణాల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాలను అతిగా ఉత్తేజపరుస్తుంది. హెపటైటిస్ సీకి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే సైటోకైన్‌తో చికిత్స పొందినవారిలో చాలామందికి కుంగుబాటు రావడం సైటోకైన్లకూ దిగులుకూ ఉన్న ఈ సంబంధాన్ని అనుమానించడానికి బలమైన ఆధారమైంది. నీరసం, నిరాసక్తత, ఒంటరిగా ఉండాలనిపించడం జబ్బుపడిన శరీరానికి విశ్రాంతినిచ్చే పాత ఏర్పాటేనని, అది సకాలంలో ఆగకపోవడమే చిక్కని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

దిగులంతా ఈ తూములోంచే వస్తుందని మాత్రం చెప్పను. స్టెరాయిడ్లు నిద్రను, మనఃస్థితిని తారుమారు చేస్తాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు మార్పిడి తర్వాత సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మైక్రోలీటరుకు 500 దాటుతాయి గాని, రోగనిరోధక శక్తికి కీలకమైన టీ కణాలనే మరో రకం తెల్లకణాలు కోలుకోవడానికి ఏడాది, అంతకు మించి కూడా పడుతుంది. తట్టు వంటి వ్యాధుల సజీవ టీకాలకు కనీసం రెండేళ్లు ఆగాలి. స్నేహితులే లోకంగా ఉండే వయసులో అన్నాళ్లు జనానికి దూరంగా మెలగడం, ఈలోగా తోటివారు పై తరగతికి వెళ్లిపోవడం, చికిత్స వల్ల భవిష్యత్తులో పిల్లలు పుట్టకపోవచ్చని తెలియడం, వ్యాధి తిరగబెడుతుందేమోనన్న భయం చిన్న భారాలు కావు. చాలామంది క్రమంగా తేరుకుంటారు, కొందరు తేరుకోరు. ‘బతికి బయటపడ్డావు, ఇంకా ఏమిటి దిగులు?’ అన్న మాట ఈ రెండో వర్గాన్ని మరింత మౌనంలోకి నెడుతుంది. రక్తకణాల లెక్క చూసే ప్రతిసారీ నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అని కూడా అడగాలని, అవసరమైతే మానసిక నిపుణుల వద్దకు పంపాలని నా అభిప్రాయం.

దాతల మాట సాధారణంగా ఎవరూ ఎత్తరు. తమ కణాలే తోబుట్టువు శరీరం మీద దాడి చేస్తున్నాయని తెలిసినప్పుడు, అందులో తమ తప్పేమీ లేకపోయినా, కొందరు అపరాధభావంతో నలిగిపోతారు. కాబట్టి ఆ పాఠకురాలిని నేను తిరిగి అడిగింది ఒక్కటే: అక్క ఎలా ఉంది?