ఆ అద్దాల బిల్డింగ్ ఒక్కటే ఎయిర్‌పోర్ట్ కాదండీ: రన్‌వే పనివాడిగా చెప్తున్న అపోహలు - వాస్తవాలు

నేను సివిల్ ఇంజనీర్‌ని, పదిహేడేళ్ళుగా ఎయిర్‌సైడ్ పనుల్లోనే ఉన్నా, అంటే రన్‌వే, టాక్సీవే (విమానం నేల మీద మెల్లగా నడుస్తూ రన్‌వేకి వెళ్ళే దారి), విమానాలు ఆగే ఏప్రన్. ఊరెళ్తే మా పెదనాన్న ప్రతిసారీ "ఆ అద్దాల బిల్డింగ్ నువ్వే కట్టావట్రా" అని అడుగుతాడు. కాదు పెదనాన్నా, దాని అవతల ఖాళీగా కనపడుద్ది చూడు, అది మేం కట్టింది అంటే "అక్కడ కట్టడానికేముంది, పెద్ద రోడ్డే కదా" అంటాడు. ఆయన ఒక్కడే కాదు చాలామంది అదే అనుకుంటారు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా.

అపోహ: రన్‌వే అంటే వెడల్పాటి హైవే, అంతే

బోయింగ్ 777-300ఈఆర్ ఫుల్ లోడ్‌తో బయల్దేరేటప్పుడు బరువు దాదాపు 351 టన్నులు. అందులో 95 శాతం దాకా వెనకున్న 12 టైర్ల మీదే పడుద్ది, అంటే ఒక్కో టైరు మీద 27 టన్నుల పైనే. మన ఇసుక లారీ లోడుతో సహా మొత్తం బరువు ఒక్క టైరు మీద నిలబెట్టినట్టు అనుకోండి. దీన్ని మోసేది పైన కనపడే తారో కాంక్రీటో ఒక్కటే కాదు, కింద నేల. ముందు ఆ నేల పట్టు ఎంతో సీబీఆర్ టెస్ట్‌తో చూస్తాం, తర్వాత మొరం, కంకర, డీఎల్‌సీ (తక్కువ సిమెంటుతో వేసే పొడి కాంక్రీట్), ఆ పైన గట్టి కాంక్రీట్, ఇలా పొర మీద పొర వేసుకుంటూ వస్తాం, ఒక పొర రోలింగ్ అయ్యి డెన్సిటీ టెస్ట్ పాసయితేనే పై పొర. ఒక సైట్‌లో (పేరొద్దు) వాన పడి కింద పొర మెత్తబడింది, టెస్ట్ ఫెయిలైంది, కాంట్రాక్టర్ వాళ్ళు పైన కంకర కప్పేద్దాం ఎవరికీ తెలీదు అన్నారు, నేను ఒప్పుకోలేదు, రెండొందల మీటర్లు తవ్వించి ఆరబెట్టి మళ్ళీ వేయించా. పది రోజులు లేటయింది, చాలా మాటలు పడ్డా. కానీ ఆ కింద పొర మళ్ళీ ఎవరి కంటికీ కనపడదు, అప్పుడు వదిలేస్తే ఇంక వదిలేసినట్టే.

ఇంకోటి, రన్‌వే బల్లపరుపుగా ఉంటదనుకుంటారు, ఉండదు. నీళ్ళు నిలవకుండా మధ్య గీత నుంచి రెండు పక్కలకీ వాలు పెడతాం, ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. 45 మీటర్ల వెడల్పు రన్‌వే అయితే మధ్యకీ అంచుకీ 22 నుంచి 34 సెంటీమీటర్ల తేడా అన్నమాట, కంటికి తెలీదు, వానకి తెలుస్తది.

అపోహ: విమానం దబ్బున దిగే చోటే రన్‌వే మందం ఎక్కువ ఉండాలి

ఇది ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూడా అంటారు. నిజానికి దిగేటప్పుడు ఇంధనం చాలావరకు ఖర్చయిపోయి ఉంటది, అదే 777కి దిగేటప్పుడు ఉండాల్సిన గరిష్ఠ బరువు 251 టన్నులే, పైగా ఆ క్షణంలో రెక్కలు ఇంకా కొంత బరువు మోస్తూనే ఉంటాయి. పేవ్‌మెంట్‌ని, అంటే ఈ పొరలన్నిటినీ, నిజంగా నలిపేది ఫుల్ ట్యాంకుతో మెల్లగా టాక్సీ చేసే విమానం, రన్‌వే మొదట్లో నిలబడి క్లియరెన్స్ కోసం ఎదురుచూసే విమానం. ఎండాకాలం తారు మెత్తబడినప్పుడు ఇంకా ఎక్కువ. అందుకే ఏప్రన్, రన్‌వే చివర్లు చాలా చోట్ల కాంక్రీట్‌తో వేస్తాం.

అపోహ: శంషాబాద్ రన్‌వే తూర్పు-పడమర పెట్టింది వాస్తు కోసం

గాలి కోసం. విమానం ఎదురుగాలిలో లేవాలి, ఎదురుగాలిలో దిగాలి. ఏళ్ళ తరబడి గాలి లెక్కలు తీసి, అడ్డగాలి వల్ల ఇబ్బంది లేకుండా కనీసం 95 శాతం టైం వాడుకునేలా దిక్కు ఎంచుకోవాలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) చెప్తది. మనకి వానాకాలం గాలి పడమర వైపు నుంచి, చలికాలం తూర్పు వైపు నుంచి. పాత బేగంపేట రన్‌వే 09/27, శంషాబాద్‌వీ 09/27. ఆ 09 అంటే 90 డిగ్రీలు, 27 అంటే 270, చివరి సున్నా తీసేసి రాస్తారు. వాస్తు నమ్మేవాళ్ళతో నాకేం పేచీ లేదు, కాకపోతే ఇక్కడ దిక్కు చెప్పింది గాలి.

అపోహ: పొడుగు రన్‌వే గొప్పకోసం

శంషాబాద్ మెయిన్ రన్‌వే 4,260 మీటర్లు. అంత ఎందుకంటే వేడి గాలి పల్చగా ఉంటది, ఎత్తు మీద గాలి ఇంకా పల్చన, రెక్కకి పట్టు దొరకదు, ఇంజన్‌కి బలం తగ్గుద్ది. ఐకావో పాత మోటు లెక్క ఒకటుంది: సముద్రమట్టానికి పైన ప్రతి 300 మీటర్లకీ 7 శాతం, ఆ ఎత్తులో ఉండాల్సిన స్టాండర్డ్ ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకీ 1 శాతం పొడుగు కలపాలి. శంషాబాద్ ఎత్తు సుమారు 617 మీటర్లు, అంటే 14 శాతం. ఆ ఎత్తులో స్టాండర్డ్ 11 డిగ్రీలు, మన మే నెల మధ్యాహ్నం 40 వేసుకుంటే ఇంకో 29 శాతం. సముద్రం ఒడ్డున చల్లగా ఉన్నచోట 2,800 మీటర్లు చాలే విమానానికి ఇక్కడ 4,100 దాటుద్ది! (ఇదంతా కలిపి 35 శాతం దాటితే మోటు లెక్క చాలదు, విడిగా స్టడీ చెయ్యాలి, ఇక్కడ నేను కేవలం అర్థం కావడానికి చెప్పా.)

రెండు రన్‌వేలుంటే డబుల్ విమానాలు అన్నది కూడా ఇలాంటిదే. శంషాబాద్‌లో రెండోది 3,707 మీటర్లది ఉంది కదా అంటారు, అది మెయిన్‌కి దగ్గరగా ఉంది, మామూలు రోజుల్లో టాక్సీవేగా పనికొస్తది, మెయిన్‌లో రిపేర్లప్పుడు రన్‌వే. రెండింటి మీదా ఒకేసారి దేనికది విడిగా దిగాలంటే మధ్యలో కనీసం 1,035 మీటర్ల దూరం కావాలి. లండన్ గాట్విక్‌ని చూడండి, ఏళ్ళ తరబడి ఒక్క రన్‌వేతోనే గంటకి 55 విమానాల దాకా నడిపారు. దిగిన విమానం ఎంత త్వరగా పక్కకి తప్పుకుంటదన్నదే అక్కడ కీలకం, అందుకే ఏటవాలుగా ఉండే ఎగ్జిట్ టాక్సీవేలు ఎక్కడ పెట్టాలా అని నెలలు నెలలు కూర్చుంటాం.

అపోహ: బిల్డింగ్ రెడీ అయితే ఎయిర్‌పోర్ట్ రెడీ

డెన్వర్‌లో ఆటోమేటిక్ బ్యాగేజీ సిస్టం మొండికేసి ఓపెనింగ్ 16 నెలలు లేటయి 1995 ఫిబ్రవరిలో తెరిచారు. బెర్లిన్‌లో 2012 జూన్‌లో ఓపెనింగ్ అని పిలుపులు కూడా అయ్యాక, మంటలొస్తే పొగ బయటికి లాగే సిస్టం సరిగా పనిచెయ్యక ఆగిపోయి చివరికి 2020 అక్టోబర్ 31న తెరిచారు. బయట నుంచి చూస్తే రెండూ కట్టడం అయిపోయినట్టే ఉండేవి. 2008 మార్చిలో నాలుగు రోజుల తేడాతో రెండు మొదలయ్యాయి, 23న శంషాబాద్, 27న లండన్ హీత్రో టెర్మినల్ 5. హీత్రోలో మొదటి రోజే బ్యాగులు వేలల్లో ఇరుక్కుపోయాయి, స్టాఫ్‌కి కార్ పార్కింగ్ ఎక్కడో, ఏ డోర్ తెరుచుకుంటదో తెలీక పని ఆగింది. అందుకే తెరవడానికి ముందు నెలల పాటు ట్రయల్స్ చేస్తారు, జనాన్ని పిలిచి ఖాళీ సూట్‌కేసులిచ్చి చెకిన్ చేయిస్తారు. మా వైపు అయితే చివరి రాత్రి వరసగా భుజం భుజం కలిపి రన్‌వే పొడుగునా నడుస్తాం, ఒక్క మేకు, ఒక్క బోల్టు కనపడినా ఏరాలి. 2000లో పారిస్ దగ్గర కాంకార్డ్ విమానం కూలడానికి మొదలు రన్‌వే మీద పడున్న ఒక లోహపు పట్టీయే.

అపోహ: అంత భూమి తీసుకుని ఖాళీగా వదిలేశారు

శంషాబాద్‌కి దాదాపు 5,500 ఎకరాలు. భూమి పోయినవాళ్ళ బాధ నిజం, దాని మీద నేనేం తేలిగ్గా మాట్లాడను. కానీ ఖాళీ అనిపించేది ఖాళీ కాదు. రన్‌వే పక్కన విమానం జారి బయటికొచ్చినా తిరగబడకుండా చదును చేసిన స్ట్రిప్ ఉండాలి, చివర్లో విమానం రన్‌వే దాటిపోయినా నష్టం తగ్గేలా వదిలే రీసా అనే భాగం ఉండాలి, కనీసం 90 మీటర్లు, ఉండాల్సింది 240. 2010 మంగళూరు, 2020 కోజికోడ్, ఈ రెండు కొండమీది రన్‌వేల ప్రమాదాలు గుర్తున్నవాళ్ళకి చివర్లో ఉన్న ప్రతి మీటరు విలువా తెలుసు.

ఆ ఖాళీలో చెరువు తవ్వి చెట్లు పెంచొచ్చు కదా అని మా అత్తయ్య అడిగింది. నీళ్ళుంటే పక్షులొస్తాయి అత్తయ్యా. 2009లో న్యూయార్క్‌లో విమానం హడ్సన్ నదిలో దిగాల్సొచ్చింది బాతుల గుంపు ఇంజన్లలోకి పోవడం వల్లే. అందుకే మా డ్రైన్లలో నీళ్ళు నిలవకుండా వాలు చూసుకుంటాం, గడ్డి ఎత్తు కూడా లెక్కే. ఎయిర్‌పోర్ట్‌కి 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోసి వ్యర్థాలు బయట పారెయ్యకూడదని మన దేశంలో రూలే ఉంది.

ఆఖరుది, ఎయిర్‌పోర్ట్ గోడ దగ్గర ఆగిపోదు, గాల్లోకి కూడా ఉంటది. పెద్ద రన్‌వే చుట్టూ 4 కిలోమీటర్ల దాకా 45 మీటర్ల ఎత్తులో కనపడని కప్పు ఒకటుంటది, విమానం దిగే దారిలో అది ఇంకా కిందికి, 50 మీటర్లు వెళ్తే 1 మీటరు లేచే వాలుతో. రన్‌వే చివర నుంచి కిలోమీటరు దూరంలో కట్టడం ఎత్తు 19 మీటర్ల లోపే, అంటే ఆరంతస్తులు, వాటర్ ట్యాంకు లిఫ్ట్ రూం అన్నీ కలిపి. శంషాబాద్ చుట్టుపక్కల, భోగాపురం వైపు ప్లాట్లు కొనేవాళ్ళు ఇది చూసుకోండి, లెక్క నేల నుంచి కాదు సముద్రమట్టం నుంచి, కాబట్టి మీ ప్లాటు మిట్ట మీద ఉంటే పక్కోడికి నాలుగంతస్తులొచ్చినా మీకు మూడే రావొచ్చు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్ఓసీ ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, ఎత్తు పరిమితుల కలర్ మ్యాపులూ ఉంటాయి, అడ్వాన్స్ ఇచ్చే ముందే అవి చూడండి, స్లాబ్ పోశాక కాదు.