కోసి కరకట్ట చిన్న వరదకే ఎందుకు తెగింది?

నేపాల్ నుంచి బిహార్‌లోకి పారే కోసి నదికి కట్టిన, 9.5 లక్షల క్యూసెక్కులు తట్టుకోవాల్సిన కరకట్టకు, 2008 ఆగస్టు 18న దాదాపు 1.44 లక్షల క్యూసెక్కులకే నేపాల్‌లోని కుసాహా దగ్గర గండి ఎలా పడిందని ఒక పాఠకుడు అడిగారు. ప్రవాహాన్ని పక్కకు మళ్లించి కట్టను కాపాడేందుకు నదిలోకి చొచ్చుకెళ్లేలా కట్టే స్పర్లు కోతకు గురవుతున్నా సకాలంలో సరిచేయకపోవడం ఒక కారణం. కానీ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆ నది మోసుకొచ్చే రాళ్ల లెక్క.

ప్రవాహ వేగం రెట్టింపైతే నది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుంది! నీటి తోపుడు వేగం వర్గాన్ని బట్టీ, రాయి ఎదురొడ్డే వైశాల్యాన్ని బట్టీ ఉంటుంది. వైశాల్యం రాయి కొలత వర్గంతో పెరిగితే, బరువు ఘనంతో పెరుగుతుంది. రెండూ సరితూగే చోట రాయి కొలత వేగం వర్గానికి, దాని బరువు వేగం ఆరో ఘాతానికి అనులోమంగా ఉంటాయి. ఘాతాల పాఠం ఈ ఉదాహరణతో మొదలుపెడితే ఏ పిల్లవాడికైనా జీవితాంతం గుర్తుండిపోతుంది.

ఇప్పుడు లెక్క తిరగేయండి. హిమాలయాల నుంచి దూకుతూ వచ్చిన కోసి చత్రా దగ్గర కొండలు దాటి మైదానంలో పడగానే వాలు తగ్గుతుంది. వేగం సగమైతే దొర్లించగల రాయి బరువు 64వ వంతుకు, మూడో వంతైతే 729వ వంతుకు పడిపోతుంది. ముందు బండరాళ్లు, తర్వాత గులకరాళ్లు, ఆపైన ఇసుక ఆగిపోతాయి. సుడుల్లో తేలుతూ వెళ్లే ఒండ్రు లెక్క వేరు, అది చాలా దూరం పోతుంది. ఇలా అడుగు మేట వేసి ఎత్తు పెరిగాక నది పల్లం వెతుక్కుంటూ పక్కకు జరుగుతుంది. రెండు శతాబ్దాల్లో కోసి వంద కిలోమీటర్లకు పైగా పడమటికి జరిగింది అలాగే.

1950లు, 60లలో రెండు వైపులా కరకట్టలు కట్టాక ఆ మేటంతా మధ్యలోనే పేరుకుని, చాలాచోట్ల నది అడుగు బయటి పొలాల కంటే ఎత్తయింది. గండి పడగానే నీరు ఎప్పుడో వదిలేసిన తూర్పు పాయల్లోకి దూకి, తరాలుగా వరద ఎరగని ఊళ్లను ముంచేసింది. బిహార్‌లో ముప్పై లక్షల మందికి పైగా నష్టపోయారు.

అక్కడి పాటల్లో కోసి పెళ్లికాని పిల్ల, సింధూరం చూపిస్తే పెళ్లికి భయపడి పారిపోతుందట. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. నది ఉన్నచోట ఉండదని ఆ జనం కళ్లారా చూశారు. కట్టల మధ్య బతికేవాళ్లు ఇళ్లను వెదురు, గడ్డితో కడతారు, నది కోత దగ్గరికి వస్తే తడికలు విప్పి పడవలో వేసుకుని ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు.

పొలాల దగ్గరా ఈ వేగం లెక్కే. నీరు నెమ్మదించి ఒండ్రు దిగిన చోట పంట బాగా వస్తుంది. గండికి దగ్గర్లో, వేగం ఇంకా మిగిలున్న నీరు ముతక ఇసుక పరిచి వెళ్తుంది, ఆ మేట తీయిస్తే తప్ప అక్కడ నాగలి పెట్టలేరు.