కత్తి తగిలితే పాకుతుందా? మెదడు గడ్డలపై అపోహలు - వాస్తవాలు

నేను న్యూరోసర్జన్‌ని. మెదడులో వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమాలు చాలావరకు క్యాన్సర్ కాని మామూలు గడ్డలే. నేను చెప్పబోయేది గ్లియోబ్లాస్టోమా గురించి. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

అపోహ: కత్తి పెడితే పాకుతుంది.

ఓపీలో తరచూ వినే మాట ఇది. "ఆపరేషన్ అయ్యాకే కదండీ మళ్లీ వచ్చింది" అంటారు. జరిగిన వరస చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మేం కత్తి పట్టేసరికే అది పాకి ఉంటుంది. పొలంలో తుంగ పీకినవాళ్లకు తెలుసు, పైన కనబడే పిలక చేతికొస్తుంది, గడ్డలు మట్టిలోనే ఉండిపోతాయి. ఎమ్మారైలో తెల్లగా మెరిసేది ఆ పిలక మాత్రమే. కొన్ని కణాలు నరాల పోగుల వెంట, రక్తనాళాలను పట్టుకుని అప్పటికే దూరం వెళ్లిపోయి ఉంటాయి. అవి స్కాన్‌కు చిక్కవు. 1928లో అమెరికాలో న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ ఇలాంటి గడ్డలున్న కొందరికి మెదడు కుడి సగం మొత్తం తీసి చూశారు. అంత చేసినా జబ్బు ఆగలేదు.

మరి ఆపరేషన్ ఎందుకు? తలలో ఒత్తిడి తగ్గుతుంది, గడ్డ రకం తేలుతుంది, రేడియేషన్‌కు, మందుకు మిగిలే పని తగ్గుతుంది.

అపోహ: ఖరీదైన మందు రాస్తే పోతుంది.

చాలా మందులు రక్తం నుంచి మెదడులోకి సరిగా చేరవు. టెమోజోలమైడ్ అనే మాత్ర చేరుతుంది, క్యాన్సర్ కణం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అయితే కొందరి గడ్డల్లో ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఆ దెబ్బను ఎప్పటికప్పుడు బాగుచేసేస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువు మూతపడి ఉన్నవాళ్లకు అదే మాత్ర మెరుగ్గా పనిచేస్తుంది. గడ్డ ముక్క పరీక్షలో 'మిథైలేషన్', అంటే ఆ జన్యువు మూతపడిందా లేదా, చూడమనేది అందుకే. 2005లో వెలువడిన ట్రయల్‌లో రేడియేషన్‌కు ఈ మాత్ర కలిపితే మధ్యస్థ జీవితకాలం (సగం మంది రోగులు దాటే కాలం) 12.1 నెలల నుంచి 14.6కి పెరిగింది. ఇంతేనా అంటారు. రెండేళ్లు దాటినవాళ్లు మాత్రం 10.4 శాతం నుంచి 26.5 శాతమయ్యారు. నాకు ఈ రెండో లెక్కే ముఖ్యం.

అపోహ: ఎక్కువ ఆలోచించి, టెన్షన్ పడి తెచ్చుకున్నాడు.

కాదు. ఈ క్యాన్సర్ కణాలు నరకణాలతో సినాప్స్‌లు (సంకేతాలు అందుకునే జోడింపులు) కలుపుకుని, వాటి సంకేతాలతో పెరుగుతాయని 2019లో పరిశోధకులు చూపించిన మాట నిజమే. కానీ అది ఉన్న గడ్డ పెరగడం గురించి, ఆలోచనల వల్ల గడ్డ పుడుతుందని కాదు. అంతమాత్రాన పుస్తకం మూసేయక్కర్లేదు, రోగిని తప్పుపట్టక్కర్లేదు.

అపోహ: స్టెరాయిడ్‌తో తగ్గిపోయింది, ఇక ఆపరేషన్ వద్దు.

నాకు అన్నిటికన్నా భయం దీనికే. డెక్సామెథసోన్ అనే ఈ స్టెరాయిడ్ తగ్గించేది గడ్డ చుట్టూ ఉన్న వాపును. తలనొప్పి పోతుంది, చెయ్యి లేస్తుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది. బాగుందని ఆ మాత్రను సొంతంగా ఒక్కసారిగా ఆపేస్తే మరో ప్రమాదం. డోసు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.