అడ్డగీత ఒక్కదానికే కాపలా: పీహెచ్‌పీ లోపం 2012లో ఎక్కడ మిగిలిపోయింది

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న ఆఫీసుల్లో పాత పంచాయితీ మళ్లీ లేచింది. ఈ సైట్లు నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద. దాని 8.1 వెర్షన్‌కు భద్రతా సవరణలు 2025 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఇప్పుడు సైటును కొత్త వెర్షన్‌కు మార్చే ఖర్చు ఎవరిది? యజమానిదా, చేసిచ్చినవాళ్లదా? ఈ వాదన ఎక్కడ మొదలైనా చివరికి 2024 జూన్‌లో బయటపడ్డ సీవీఈ-2024-4577 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబరు) దగ్గరికే చేరుతోంది. ఎక్కడో కూర్చున్న మనిషి లాగిన్ కూడా కాకుండా మన సర్వర్ మీద తనకు కావలసిన కోడ్ నడిపించుకోగల లోపం అది. తీవ్రత పదికి 9.8.

పీహెచ్‌పీ పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2012 మే నెలను.

సీజీఐ పద్ధతిలో వెబ్ సర్వర్ ప్రతి అభ్యర్థనకూ పీహెచ్‌పీని విడిగా ఒక ప్రోగ్రాంలా నడుపుతుంది. వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగంలో సమాన గుర్తు లేకపోతే, దాన్ని ఆ ప్రోగ్రాంకు కమాండ్ లైన్ మీద ఇవ్వొచ్చని సీజీఐ నిబంధనల్లో ఒక పాత వెసులుబాటు ఉంది. ఆ భాగం అడ్డగీతతో, అంటే హైఫన్‌తో మొదలైతే పీహెచ్‌పీ దాన్ని తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. ఒక ఆదేశం పేజీ వెనకున్న సోర్స్ కోడ్‌ను చూపించేస్తుంది. ఇంకొకటి సెట్టింగులనే మార్చి, దాడి చేసేవాడు పంపిన కోడ్‌ను నడిపిస్తుంది. ఇది జరక్కుండా ఒకప్పుడు లోపల ఒక తనిఖీ ఉండేది. అవసరం లేదనుకుని 2004లో తీసేశారు.

ఎనిమిదేళ్లు ఎవరూ గమనించలేదు. 2012 జనవరిలో మన దేశపు భద్రతా సదస్సు నల్‌కాన్ నిర్వహించిన పోటీలో ఆడుతూ ఐండ్‌బాజెన్ అనే డచ్ జట్టు అనుకోకుండా దీన్ని పట్టుకుంది. అదే నెలలో పీహెచ్‌పీ బృందానికి తెలియజేసింది. నెలలు గడిచాయి. మే మొదట్లో గోప్యంగా ఉండాల్సిన ఆ ఫిర్యాదు పొరపాటున అందరికీ కనిపించేసింది. టెన్షన్‌లో మే 3న 5.3.12, 5.4.2 వెర్షన్లు విడుదల చేశారు. ఆ ప్యాచ్‌ను, అంటే ఆ సవరణను తప్పించుకునే దారి వెంటనే తేలింది. మే 8న 5.3.13, 5.4.3 వచ్చాయి.

నా లెక్కలో మలుపు ఈ రెండో ప్యాచే. చిరునామాలోని మాటలు ఆదేశాలుగా మారే దారిని అది మూయలేదు. ముందు అడ్డగీత ఉందా లేదా అని మాత్రం చూసింది. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి, ఫలానా చొక్కా వేసుకున్నవాణ్ని మాత్రం రానివ్వొద్దని చెప్పినట్టు. ఆ కాపలా మీదే ప్రపంచం పన్నెండేళ్లు నిశ్చింతగా ఉంది.

2024 మే 7న తైవాన్ భద్రతా సంస్థ డెవ్‌కోర్‌లో పనిచేసే ఆరెంజ్ సాయ్ చొక్కా మార్చుకుని వచ్చే దారి చూపించాడు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఒకే పట్టిక) అక్షరం పాత కోడ్ పేజీలో, అంటే ఒక్కో భాషకు విండోస్ వాడే పాత అక్షరాల పట్టికలో లేకపోతే, దానికి దగ్గరగా కనిపించే అక్షరాన్ని పెట్టేసే అలవాటు విండోస్‌కు ఉంది. దాన్ని బెస్ట్ ఫిట్ అంటారు. సాఫ్ట్ హైఫన్ అనే వేరే గుర్తు పంపితే పీహెచ్‌పీ కాపలాకు అది అడ్డగీతగా కనబడదు, లోపలికి వదిలేస్తుంది. ఆ తర్వాత విండోస్ దాన్ని మామూలు అడ్డగీతగా మార్చేస్తుంది. 2012 నాటి దాడి మళ్లీ బతికింది. జూన్ 6న 8.3.8, 8.2.20, 8.1.29 వెర్షన్లలో సవరణ వచ్చింది. ఒక రోజు తిరక్కుండానే దాడులు మొదలయ్యాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే టెల్‌యూదపాస్ రాన్సమ్‌వేర్ ముఠా రెండు మూడు రోజుల్లోనే దీన్ని వాడుకుంది. తైవాన్‌లో ఒక విశ్వవిద్యాలయం సర్వర్‌లోకి ఈ దారినే దొంగ ప్రోగ్రాం ఎక్కి ఉంటుందని ఆగస్టులో భద్రతా సంస్థ సిమాంటెక్ చెప్పింది.

సీజీఐ పాత పద్ధతి అనీ, పీహెచ్‌పీని నడిపే మరో పద్ధతి ఎఫ్‌పీఎం వాడేవాళ్లకు దీనితో ఇబ్బంది లేదనీ అనే మాట వాస్తవమే. కానీ తిరుపతి డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో పిలకాయలు నేర్చుకునేది విండోస్ మీద ఎక్సాంప్‌తో, అంటే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ కలిపి ఇచ్చే ప్యాకేజీతో. అదే ప్యాకేజీని చిన్న ఆఫీసులు తెచ్చి నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించేస్తాయి. ఎక్సాంప్‌లో పీహెచ్‌పీ మామూలుగా సీజీఐలో నడవదు. అయినా పీహెచ్‌పీ ఫోల్డర్‌ను బయటికి కనిపించేలా పెట్టిన ఒక్క లైను వల్ల, ఏమీ మార్చకుండా ఇన్‌స్టాల్ చేసినా దాడికి దొరుకుతుంది. పైగా ఎక్సాంప్ 8.2.12లో ఉన్నది పీహెచ్‌పీ 8.2.12. '8.2 కదా, కొత్తదే' అనుకునేవాళ్లు మూడో అంకె చూడరు, సవరణ వచ్చింది 8.2.20లో.

ఇక్కడ ఎక్కువగా వినిపించే సమాధానం: 'అది చైనా, జపాన్ విండోస్‌కు వచ్చిన సమస్య, మనది ఇంగ్లిష్.' డెవ్‌కోర్ పరీక్షించి నిర్ధారించినవి సంప్రదాయ చైనీస్, సరళ చైనీస్, జపనీస్ సెట్టింగులు అన్నది నిజం. తెలుగుకు విండోస్‌లో సొంతంగా పాత కోడ్ పేజీయే లేదు, మన మెషీన్లు ఇంగ్లిష్ దాని మీదే నడుస్తాయి. కానీ మిగతా భాషలకు ప్రమాదం లేదని డెవ్‌కోర్ ఎక్కడా అనలేదు. అన్ని సందర్భాలూ పరీక్షించడం సాధ్యం కాదు, అందరూ అప్‌డేట్ చేసుకోండి అంది. 2024 సెప్టెంబరు 26న అదే నిజమైంది. కొన్ని అసాధారణ కోడ్ పేజీ సెట్టింగుల్లో జూన్ ప్యాచ్‌ను కూడా దాటొచ్చని తేలి, సీవీఈ-2024-8926 పేరుతో 8.1.30, 8.2.24, 8.3.12 విడుదలయ్యాయి. జూన్‌లో అప్‌డేట్ చేసి చేతులు దులుపుకున్నవాళ్ల పని కూడా పూర్తి కాలేదన్నమాట.

మూడు వందల రూపాయల గదికి ఆన్‌లైన్ బుకింగ్ పెట్టుకున్న లాడ్జి యజమాని అడిగేది ఇదే. సైటు చేతికిచ్చినప్పుడు పనైపోయిందన్నారు. తర్వాత వెర్షన్ మార్చాల్సి వస్తుందని, మార్చకపోతే భక్తుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు ఎవడి చేతిలోనో పడతాయని ఒప్పంద కాగితంలో రాయలేదు. సర్వర్ పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గర ఉండదు. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ డబ్బు కట్టలేదన్నది చేసిచ్చినవాళ్ల మాట.

8.1లో కొత్త లోపం బయటపడితే ఇకమీద పీహెచ్‌పీ బృందం నుంచి సవరణ రాదు. 8.2కి భద్రతా సవరణలు 2026 డిసెంబరు 31 దాకా వస్తాయి. ఎక్సాంప్‌ను వెంటనే మార్చలేనివాళ్లు కనీసం అందులోని వెబ్ సర్వర్ అపాచీ ఫోల్డర్‌లోని ఎక్సాంప్ కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, పీహెచ్‌పీ ఫోల్డర్‌ను బయటికి చూపించే స్క్రిప్ట్‌అలియాస్ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి అపాచీని రీస్టార్ట్ చేయాలి. డెవ్‌కోర్ 2024 జూన్‌లోనే ఈ తాత్కాలిక మార్గం చెప్పింది. దానికి ఖర్చేమీ లేదు, ఎవరు పెట్టుకోవాలన్న తగాదా తేలేదాకా ఆగాల్సిన అవసరమూ లేదు.