ఆక్రన్‌లో లేచి వెళ్ళిపోయినవాళ్ళు

వైట్ ప్రివిలేజ్, అంటే తెల్లరంగు వల్ల అడగకుండానే దక్కే వెసులుబాటు, అన్న మాట అమెరికాలో మళ్ళీ రచ్చకెక్కింది. 2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి గద్దెనెక్కారు. మర్నాడే డైవర్సిటీ కార్యక్రమాల (అన్ని జాతులవాళ్ళకూ చోటు కల్పించేవాటి) మీద కత్తి కట్టిన ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఫిబ్రవరి 14న విద్యాశాఖ నుంచి యూనివర్సిటీలకు ఒక లేఖ వెళ్ళింది. అమెరికా వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని పిల్లలకు నూరిపోస్తున్నారని, ఇలాగే సాగితే నిధులు ఆగుతాయని దాని సారాంశం. ఇదంతా స్త్రీవాద ప్రొఫెసర్లు పుట్టించిన గోల అని ఒక వర్గం అంటోంది. మా చదువు మీద దాడి అని ఆ ప్రొఫెసర్లు అంటున్నారు. ఇద్దరూ దాటేస్తున్న సంగతి ఒకటుంది. ఈ గొడవ ముందు రేగింది ఆ ప్రొఫెసర్ల ఇంట్లోనే.

స్త్రీల అధ్యయనాలు బోధించేవాళ్ళ సంఘం నేషనల్ ఉమెన్స్ స్టడీస్ అసోసియేషన్ 1977లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలా పుట్టిందో, 1981లో కనెటికట్‌లోని స్టోర్స్‌లో జరిగిన దాని సభలో నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ కోపం గురించి చేసిన ప్రసంగం ఏమిటో చాలామంది చెప్పారు. ఆ ప్రసంగాన్ని ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తారు. అదే సభలో జరిగిన ఇంకో ముచ్చట మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. ఆ ఏడు సభ అంశమే జాతి వివక్ష. చర్చల కోసం గుంపులు కట్టారు. తెల్ల మహిళలకు వాళ్ళ వాళ్ళ నేపథ్యాన్నిబట్టి రకరకాల గుంపులు. నల్లజాతి, ఆసియా, లాటినా, నేటివ్ అమెరికన్ మహిళలందరికీ కలిపి ఒక్కటే గుంపు! ఆ సభ మీద స్త్రీవాద పరిశోధకురాలు చేలా సాండొవాల్ రాసిన నివేదికలో ఈ సంగతి నమోదై ఉంది. జాతి వివక్షను ఎదుర్కోవడానికి పెట్టిన సభలోనే ఎవరి తేడాలు లెక్కలోకి వస్తాయో, ఎవరివి రావో ముందే తేలిపోయింది.

హెచ్చరికలు లేక కాదు. 1979లో కాన్సస్‌లో ఇదే సంఘం సభ ముగింపు వేదిక మీద నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బార్బరా స్మిత్ ఈ జాతి వివక్ష మాటే ముఖం మీద అడిగారు. అదే ఏడు న్యూయార్క్‌లో మరో స్త్రీవాద సదస్సులో లార్డ్ వేసిన ప్రశ్న ఇంకా పదునైనది: మీరిక్కడ సిద్ధాంతాలు మాట్లాడుకుంటుంటే, మీ ఇళ్ళు ఊడ్చి మీ పిల్లల్ని చూసుకుంటున్న ఆడవాళ్ళెవరు? సభలో చప్పట్లు కొట్టడానికి ఇలాంటి ప్రశ్నలు బాగానే ఉంటాయి. ఆఫీసులో జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. ఆ పరీక్ష 1990లో వచ్చింది.

సంఘం జాతీయ కార్యాలయం అప్పుడు కాలేజ్ పార్క్‌లో, మేరీలాండ్ యూనివర్సిటీలో ఉండేది. అందులో పనిచేస్తున్న నల్లజాతి ఉద్యోగిని రూబీ సేల్స్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేసింది ఎవరినో తెలియాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1965 ఆగస్టు 20న అలబామాలోని హేన్‌విల్‌లో, ఓ దుకాణం గుమ్మం దగ్గర, పదిహేడేళ్ళ సేల్స్ మీదికి ఒక తెల్లవాడు తుపాకీ ఎత్తాడు. పక్కనే ఉన్న జొనాథన్ డేనియల్స్ అనే తెల్లజాతి సెమినరీ (క్రైస్తవ మత విద్యాలయం) విద్యార్థి ఆమెను పక్కకు తోసి, ఆ తూటాకు తాను ప్రాణమిచ్చాడు. చంపుతామని బెదిరింపులు వచ్చినా ఆమె కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పింది. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ ఆ హంతకుణ్ణి వదిలేసింది. అలాంటి మనిషి, ఈ సంఘంలో తన మీద జాతి వివక్ష చూపించారని ఆరోపించింది.

ఆ జూన్‌లో ఒహాయోలోని ఆక్రన్‌లో వార్షిక సభ. శ్వేతేతర మహిళల విభాగం ఈ సంగతి తేల్చమని పట్టుబట్టింది. అడిగింది ఒక్క మనిషి ఉద్యోగం గురించే కాదు. ఇక్కడ తీసుకునేదెవరు, తీసేసేదెవరు, అన్యాయం జరిగిందనుకున్నవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? నాయకత్వం దగ్గరున్న జవాబు ఒక్కటే: ఇది సిబ్బంది వ్యవహారం, వివరాలు బయటపెట్టకూడదు. ఆ విభాగం మహిళలు, వాళ్ళతో పాటు మరికొందరు, సంఘంతో తెగదెంపులు చేసుకుని సభలోంచి లేచి వెళ్ళిపోయారు.

నాయకత్వానికీ ఒక వాదన ఉంది. ఉద్యోగుల ఫైళ్ళు సభలో విప్పితే రేపు ఎవరికీ రక్షణ ఉండదని, ఒక ఆఫీసు తగాదా కోసం మొత్తం సంఘాన్నే బలిపెట్టారని వాళ్ళ వైపువాళ్ళు అన్నారు. మొదటి మాటలో నిజం లేకపోలేదు. కానీ జాతి వివక్ష మీద పోరాడతామని పుట్టినప్పుడే రాసుకున్న సంఘం, తన గడపలో ఫిర్యాదు వచ్చేసరికి ఏ కంపెనీ హెచ్ఆర్ అయినా చెప్పే మాటే చెప్పింది. సంఘం దాదాపు కూలింది. మరుసటి ఏడు సభే జరగలేదు.

ఇప్పుడు వైట్ ప్రివిలేజ్ సంగతికి రండి. ఆ మాటను జనంలోకి తెచ్చింది వెల్స్లీ కాలేజీ పరిశోధకురాలు పెగ్గీ మకింటోష్. 1988లో, అంటే ఆక్రన్‌కు రెండేళ్ళ ముందు, తెల్లరంగు వల్ల తనకు అడగకుండానే దక్కేవన్నీ జాబితా రాశారు. మొత్తం 46. దుకాణంలో తన వెనక ఎవరూ నిఘాగా తిరగరని, చర్మం రంగు పేరుతో అమ్మే బ్యాండేజీ తన చర్మానికి సరిపోతుందని, ఇలాంటివి. తెల్ల మహిళలు తమను అణచివేస్తున్నారని శ్వేతేతర మహిళలు తరచూ అనే మాట గుర్తొచ్చే ఆ ఆలోచన సాగిందని ఆమే రాశారు. మంచి జాబితా. నిజాయితీ ఉంది. కానీ అది అడిగేది, నిన్ను నువ్వు తడిమి చూసుకో అని మాత్రమే. ఆక్రన్ అడిగింది పెత్తనం సంగతి.

తర్వాత్తర్వాత ఆఫీసుల్లో, కాలేజీల్లో పెట్టిన ట్రైనింగులు జాబితాను ఎత్తుకుని, ఆక్రన్‌ను వదిలేశాయి. అది తేలిక మరి. ఒక పూట కూర్చుని తప్పులు ఒప్పుకుంటే సరిపోతుంది, ఎవరి కుర్చీ కదలదు. 2020 సెప్టెంబరులో ట్రంప్ మొదటి ఉత్తర్వు గురిపెట్టింది ఈ ట్రైనింగుల మీదే. నాలుగు నెలలకే బైడెన్ దాన్ని రద్దు చేశారు. 2025 ఫిబ్రవరి నాటి లేఖను కూడా ఆగస్టులో మేరీలాండ్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

సంఘం మళ్ళీ నిలదొక్కుకుంది. 2008లో స్పెల్‌మన్ కాలేజీకి చెందిన బెవర్లీ గై-షెఫ్టాల్, తర్వాతి దశాబ్దంలో బార్బరా రాన్స్‌బీ, ఇద్దరు నల్లజాతి మహిళలు, అధ్యక్షులయ్యారు. అయితే ఈలోపు పెత్తనం సంగతి బయటివాళ్ళకు బాగా అర్థమైంది. ఫ్లోరిడాలోని న్యూ కాలేజీలో సిలబస్ మీద వాదులాటకు ఎవరూ దిగలేదు. 2023 జనవరిలో గవర్నర్ డిశాంటిస్ ఆ కాలేజీని నడిపే బోర్డులో ఆరుగురు కొత్త ట్రస్టీలను వేశారు. ఆగస్టులో ఆ బోర్డు ఓటేసి, జెండర్ స్టడీస్ కోర్సును ఎత్తేసే పని మొదలుపెట్టమంది.